తొమ్మిది పైపుల బోరింగు

లింబాద్రి మా ఆఫీసుకు మొదటిసారి వచ్చింది ఏసీ బాగుచేయడానికి. బహ్రెయిన్ రాజధాని మనామాలో, మహూజ్ అనే పేటలో ఒక అపార్టుమెంటు బ్లాకు రెండో అంతస్తులో ఉంటుంది మా ఆఫీసు. మాది ధర్మసంస్థ. ఇక్కడి దాతల దగ్గర విరాళాలు తీసుకుని ఆఫ్రికా పల్లెల్లో బావులు తవ్విస్తాం, బడిగదులు కట్టిస్తాం, మేకలు పంచుతాం. ఇచ్చేది దాతలు, తవ్వేది అక్కడి కాంట్రాక్టర్లు. నా పని తవ్వారని రాయడం. పద్నాలుగేళ్ళుగా ఆ రిపోర్టులు రాస్తున్నాను. అరబ్బీలో మాట్లాడతాను, ఇంగ్లీషులో రాస్తాను, తెలుగులో విసుక్కుంటాను. నా పేరు శ్రీనివాసరాజు. మాది భీమవరం పక్కన పల్లెటూరు.

ఆ రోజు ఏసీ నీళ్ళు సరిగ్గా నా ఫైళ్ళ మీద కారాయి. నాకు ఒళ్ళు మండింది. బిల్డింగు మెయింటెనెన్సు కంపెనీ పంపిన మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కేసరికి తెలుగులోనే నాలుగు తిట్లు తిట్టుకున్నాను, వాడికి ఎలాగూ అర్థం కాదు కదా అని. అతను పైనుంచి తల వంచి, గొట్టంలో చెత్త పేరుకుందనీ, పది నిమిషాల్లో తీసేస్తాననీ తెలంగాణ తెలుగులో చెప్పాడు. తిట్టినవాడిని నేను, సిగ్గుపడింది అతను. తెలుగువాడినని ముందే చెప్పనందుకు తప్పు తనదే అన్నట్టు నవ్వాడు.

జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర ఊరు అతనిది. యాభై రెండేళ్ళు. ముహర్రక్‌లో ఎనిమిది మంది ఉండే గదిలో పైమంచం. ఇంట్లోవాళ్ళకు తను ఉన్నది దుబాయే, బహ్రెయిన్ అంటే వాళ్ళకు తెలియదని చెప్పేవాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అయినా నేను నువ్వు అనేవాడిని, అతను సారు అనేవాడు. అది తప్పని మా ఇద్దరికీ తోచలేదు. నేను కుర్చీలో ఉంటాను, అతను నిచ్చెన మీద ఉంటాడు, అంతే.

నిచ్చెన దిగాక అతను వెళ్ళిపోకుండా గోడ మీది ఫోటో ముందు నిలబడ్డాడు. టాంజానియాలో మేము వేయించిన చేతిపంపు ఫోటో అది. ముందు నల్లటి ఆడవాళ్ళు చప్పట్లు కొడుతుంటారు, పక్కన రాతి ఫలకం, వెనక నేల మీద పేర్చిన ఇనప పైపులు. పని రోజున తీసిన ఫోటో, ఫలకం రోజున తీసిన ఫోటో రెండూ ఒకే చట్రంలో అతికించింది నేనే. లింబాద్రి చట్రానికి ముక్కు ఆనించి చూస్తూ వేలితో గాలిలో ఏదో లెక్కపెట్టాడు.

"ఇది మన బోరింగే సారు. మనకాడ చేసిందే. మా మండలంల గిసుంటివి రెండొందలు దించిన నేను," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గానీ పైపులు తొమ్మిదే ఉన్నయి. తొమ్మిదంటె తొంబై ఫీట్లు. నేలను జూస్తె ఎండునేల లెక్క కొడ్తున్నది. ఎండకాలం వస్తయా దీంట్ల నీళ్ళు?" అని అడిగాడు.

నేను నవ్వాను. ఆ బోరు రెండు వందల అడుగులని ఆ రిపోర్టులో నా చేత్తోనే రాశాను. ఏసీ గొట్టం ఊదేవాడు నాకు బోర్ల సంగతి చెప్తున్నాడే అనుకున్నాను.

తర్వాత తర్వాత టీ తాగుతూ తన కథ చెప్పాడు. మండల పరిషత్తులో బోరింగు మెకానిక్కుగా ఇరవై రెండేళ్ళు చేశాడు. మోపెడు వెనక పైపు పానాలు, జేబులో తోలు వాషర్లు. ఎండాకాలం వచ్చిందంటే ఏడూళ్ళ ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని అతని కోసం చూసేవాళ్ళు. భోజనానికి ఏ ఇంటికి పోయినా కాదనేవాళ్ళు లేరు. ఉద్యోగం మటుకు ఏనాడూ పర్మినెంటు కాలేదు. తర్వాత ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి. ఊళ్ళకు మంచిదే అయింది, లింబాద్రికే చేతిలో పని పోయింది. బోరింగుల గొట్టాలకు బర్రెలను కట్టేస్తున్నారని చెప్పి అదోలా నవ్వేవాడు. నలభై అయిదో ఏట వీసా తీసుకుని ఇక్కడికొచ్చి ఏసీ నీళ్ళు తుడుస్తున్నాడు.

ఇది జరిగిన నెల రోజులకు టాంజానియా నుంచి మా సమన్వయకర్త కబురు పంపాడు. సరిగ్గా ఆ ఫోటోలోని పంపే ఎండిపోయింది. నాలుగు నెలలు నీళ్ళిచ్చి ఆగిపోయిందట, ఆగి ఆరు నెలలు దాటిందట.

మామూలుగా అయితే ఆ కబురు నా ఫైల్లో పడుకునేది. ఈసారి అలా కుదరలేదు. ఆ పంపు ఇక్కడే బుసైతీన్‌లో ఉండే ఒక పెద్దావిడ వేయించింది. ఒక్కగానొక్క కొడుకు ఇరవై ఆరేళ్ళకు రోడ్డు ప్రమాదంలో పోతే, వాడి పేరు మీద నీళ్ళు పారాలని ఇచ్చింది. ఆవిడ ఆ నీళ్ళను కళ్ళతో చూడాలని పట్టుబట్టి టిక్కెట్టు కూడా కొనుక్కుంది. రెండు వారాల్లో ప్రయాణం. మా డైరెక్టరుకు గొంతులో వెలక్కాయ పడింది. ఆయన చెడ్డవాడు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే నేను ఏనాడో ఎదురు తిరిగి ఉండేవాడినని చెప్పుకోవడానికైనా ఉండేది. ఆయన ఎవరినీ గట్టిగా అనడు, అందరి మంచీ చెడ్డా అడుగుతాడు, దాత మనసు కష్టపెట్టకూడదంటాడు.

లింబాద్రి సంగతి ఆయనకు చెప్పింది నేనే. ఆ పంపులు మా దేశంలో చేసినవనీ, వాటితోనే సగం జీవితం గడిపినవాడు మన ఏసీలు తుడుస్తున్నాడనీ చెప్పాను. డైరెక్టరు అప్పటికప్పుడు మెయింటెనెన్సు కంపెనీకి ఫోన్ చేశాడు. పది రోజుల్లో కాగితాలన్నీ అయిపోయాయి. లింబాద్రి తోలు వాషర్ల కోసం మనామా అంతా తిరిగాడు, దొరకలేదు. చివరికి పాత చెప్పుల తోలు తెచ్చి గదిలో కూర్చుని వాషర్లు కోసుకున్నాడు. కొలత బద్ద లేకుండానే కోశాడని గదిలోవాళ్ళు నాకు గొప్పగా చెప్పారు.

పెద్దావిడ కంటే రెండు రోజుల ముందు డైరెక్టరూ, నేనూ, లింబాద్రీ వెళ్ళాం. దొదోమా అనే పట్నం నుంచి నాలుగు గంటలు జీపులో. ఎర్రటి దుమ్ము, ముళ్ళ చెట్లు, ఎక్కడో ఒక మట్టి ఇల్లు. నేను రుమాలు ముక్కుకు కట్టుకుని కూర్చున్నాను. లింబాద్రి కిటికీలోంచి తల బయట పెట్టి ఆ నేలను చూసి మురిసిపోతున్నాడు. కోరుట్ల దిక్కు ఇట్లనే ఉంటది సారు అని మూడుసార్లన్నాడు. అంతకుముందు అతను అన్ని మాటలు మాట్లాడడం నేను వినలేదు.

ఊళ్ళో అడుగు పెట్టేసరికి ఆడవాళ్ళు వరసగా పసుపురంగు ప్లాస్టిక్ క్యాన్లు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. దూరంగా ఎండిన ఏటిలో ఇసుక తోడి, ఊరిన నీళ్ళు చిప్పతో నింపుకుని తెస్తారట. పోనూ రానూ మూడు గంటలు. లింబాద్రి వాటిని చూసి, "చెలిమె నీళ్ళు" అన్నాడు. అతని తల్లి కూడా వాగులో చెలిమె తోడి నీళ్ళు తెచ్చేదట. ఆ మాట చెప్పి మరి నవ్వలేదు.

పంపు చుట్టూ ముళ్ళకంప దడి, దానికి తలుపు, తలుపుకు తాళం. తాళంచెవి ఒకావిడ మెడలో ఉంది. ఆవిడను అందరూ మామా జవాది అంటారు. అంటే జవాది అనే పిల్ల తల్లి అని, అక్కడ ఆడవాళ్ళను అలాగే పిలుస్తారట. నలభై ఏళ్ళుంటాయి. ఊరి పంపు బాగోగులు ఆవిడవే. లింబాద్రి పంపు మూత విప్పి లోపలి గొలుసును వేలితో ముట్టుకున్నాడు. గ్రీజు తాజాగా ఉంది. నీళ్ళు ఆగి ఏడు నెలలైనా ఆవిడ నెలనెలా గ్రీజు పెడుతూనే ఉంది. లింబాద్రి ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ ఊరివాళ్ళు అతన్ని ఫుండి అన్నారు. అక్కడి భాషలో పనితెలిసిన మనిషి అని అర్థం. బహ్రెయిన్‌లో అతన్ని మెయింటెనెన్స్ అని పిలుస్తారు.

నలుగురు మగవాళ్ళను పట్టుకుని మధ్యాహ్నంలోగా పైపులన్నీ పైకి లాగించాడు. అతని కేకలు తెలుగులో, వాళ్ళ కేకలు వాళ్ళ భాషలో, పని మటుకు ఒక్క తప్పు లేకుండా సాగింది. తొమ్మిది పైపులు బయటికొచ్చాయి. సిలిండరు బాగుంది, వాషర్లు బాగున్నాయి. కోసి తెచ్చిన తోలు అక్కర్లేకుండా పోయింది. తర్వాత తాడుకు రాయి కట్టి బోరులోకి వదిలాడు. తొంభై ఆరు అడుగుల దగ్గర రాయి ఆగింది. పైకి తీసి ఆ రాయి నా చేతిలో పెట్టాడు. దానికి తడి మట్టి కూడా లేదు.

రెండు వందల అడుగులని కాంట్రాక్టరు బిల్లులో ఉంది. బిల్లులో ఉందని నేను రిపోర్టులో రాశాను. తొమ్మిది పైపుల ఫోటోను నా చేతులతోనే చట్రంలో పెట్టి, రోజూ దాని కింద కూర్చుని కాఫీ తాగాను. ఏసీ గొట్టం ఊదేవాడు ఒక్క చూపులో కనిపెట్టిన సంగతి నేను ఇన్ని నెలల్లో చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

డైరెక్టరుకు చెప్పాను. ఆయన ఆ రాయి చేతిలోకి తీసుకుని చూశాడు. కొత్త బోరుకు యంత్రం రావాలంటే నెల పడుతుంది, ఆవిడ రేపు పొద్దున వస్తుంది, పాపం కన్నతల్లి, రేపు ఒక్క గంట నీళ్ళు కనపడితే చాలు, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఒక్క గంట నడుస్తుందేమో అడగమన్నాడు.

అడిగాను. లింబాద్రి వెంటనే నడిపిస్తానన్నాడు. ఇది ఒప్పుకోవాలి, ఆ ఉపాయం అతనిదే. బోరు అడుగున బండ ఉంది, నీళ్ళు పోస్తే గంటా రెండు గంటలు ఇంకకుండా నిలుస్తాయి. ఎమ్మెల్యే ప్రారంభానికి వచ్చే రోజున ఎండిన బోరులో ట్యాంకరుతో నీళ్ళు పోసి కొట్టి చూపించడం అతని మండలంలో మామూలేనట. అలా చూపిస్తే ఎమ్మెల్యే సంతోషపడతాడు. సంతోషంలో ఉన్నప్పుడు ఊరివాళ్ళు చుట్టూ చేరి అసలు సంగతి చెప్తారు. అప్పుడు కాదనలేక లోతు బోరు మంజూరు చేస్తాడు. ఎండిన పంపు చూపిస్తే కోపంతో కారెక్కి వెళ్ళిపోతాడు. లింబాద్రి లెక్క ప్రకారం అది మోసం కాదు, పని జరిపించుకునే పద్ధతి. నాలుగు బోర్లు అలా సాధించానన్నాడు.

"గానీ సారు, నీళ్ళు జూసినంక ఆమెకు ఉన్నదున్నట్టు జెప్పాలె. నేనే జెప్త. మీరు అరబ్బీల జెప్పుండ్రి," అన్నాడు.

చెప్తానన్నాను. డైరెక్టరుకు ఆ షరతు కూడా వినిపించాను. ఆయన ఇన్షాఅల్లా అన్నాడు. దేవుడు తలిస్తే అని. ఆయన నోట ఆ మాట వస్తే ఇక జరగదని నాకు తెలుసు, లింబాద్రికి తెలియదు.

మర్నాడు పొద్దున అసలు చిక్కు వచ్చింది. ట్యాంకరు లేదు. ఉన్న నీళ్ళల్లా ఆడవాళ్ళు తెల్లవారుజామున లేచి తెచ్చుకున్న చెలిమె నీళ్ళే. లింబాద్రి నన్ను, సమన్వయకర్తను వెంటపెట్టుకుని మామా జవాది దగ్గరికి వెళ్ళాడు. పంపు నీళ్ళు పట్టుకోవాలంటే ముందు నీళ్ళు పోయాలని చెప్పించాడు. అందులో సగం నిజం ఉంది. బోరింగులు వేసేవాళ్ళంతా అనే మాటే అది. ఆవిడ లింబాద్రి మొహంలోకి చూసింది. ఎన్ని క్యాన్లు కావాలని అడిగింది. ముప్పై అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి ఏదో కేకేసింది.

ఒక్కొక్కరే వచ్చారు. ముసలమ్మలు వచ్చారు, చంకలో పిల్లలతో ఉన్నవాళ్ళు వచ్చారు. క్యాను వంచి బోరులోకి నీళ్ళు పోసి, చివరి చుక్క దాకా దులిపి, పక్కకు జరిగి నిలబడ్డారు. ముప్పై రెండు క్యాన్లయ్యాయి. ఒక్కో క్యాను మూడు గంటల నడక. ఆ రోజుకు ఆ ఊళ్ళో వంటకు నీళ్ళు లేవు. లింబాద్రి పైపులు దించుతూ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. నేను ఫోటోలు తీశాను. 'స్థానిక మహిళల భాగస్వామ్యం' అని ఆ ఫోటో కింద రాయొచ్చని అప్పుడే తట్టింది నాకు. ఆ బుద్ధి మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది ఇప్పుడు.

పదింటికి పెద్దావిడ వచ్చింది. చిన్న మనిషి, ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా, చేతికర్ర. ఎవరినీ పలకరించకుండా తిన్నగా ఫలకం దగ్గరికి వెళ్ళి కొడుకు పేరు మీద చెయ్యి పెట్టింది. మామా జవాది పంపు కొట్టింది. నాలుగు దెబ్బలకు గరగర, ఐదో దెబ్బకు నీళ్ళు ధారగా వచ్చాయి. డైరెక్టరు కళ్ళు మూసుకున్నాడు. పెద్దావిడ దోసిలి పట్టి ఆ నీళ్ళు తాగింది, మొహం కడుక్కుంది. ఎర్రనేల మీద అలాగే కూర్చుండిపోయి ఏడ్చింది. ఆడవాళ్ళు ఆవిడ చుట్టూ కూర్చున్నారు. ఒకావిడ వీపు నిమిరింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పాట పాడలేదు. తర్వాత వాళ్ళు కూడా తలో గుక్కెడు తాగారు.

ఆవిడ తేరుకుని, ఈ పంపు బాగుచేసిందెవరని అడిగింది. డైరెక్టరు లింబాద్రిని ముందుకు తోశాడు. ఆవిడకు అరబ్బీ తప్ప మరో భాష రాదు. లింబాద్రికి అరబ్బీలో యల్లా, ఖలాస్, ఇలాంటి పనిమాటలే వచ్చు. మధ్యలో నేను. డైరెక్టరు నా భుజం పక్కనే ఉన్నాడు. ఈ నీళ్ళు ఎన్నేళ్ళు ఉంటాయో ఆ మనిషిని అడుగు అన్నది ఆవిడ.

లింబాద్రి చేతులు కట్టుకుని తెలుగులో చెప్పాడు. "అమ్మా, ఏమనుకోకు. ఇప్పుడు నువ్వు తాగిన నీళ్ళు పొద్దున ఈ ఆడోళ్ళు పోసినయే. బోరు తొంబై ఫీట్లే ఉన్నది, దీంట్ల నీళ్ళు లెవ్వు. బోరింగు మంచిగనే ఉన్నది. పక్కన రెండొందల ఫీట్లకు ఇంకొక బోరు ఏస్తే నేనే వచ్చి పైపులు దించుత. నీ కొడుకు పేరు మీద ఉన్నది గదమ్మా, సక్కగ జేద్దాం."

ఆవిడ నావైపు తిరిగింది. ఆ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. డైరెక్టరు ఏమీ అనలేదు, నన్ను గిల్లలేదు, కనుసైగ చేయలేదు. నా ఉద్యోగం పోతుందని ఎవరూ బెదిరించలేదు. అది ఎవరిమీదకైనా తోసేసే వీలుంటే ఎంత బాగుండేది. పద్నాలుగేళ్ళుగా నా నోటికి అలవాటైన మాటలు వాటంతట అవే వచ్చేశాయి.

"దేవుడి దయవల్ల చాలా ఏళ్ళు ఉంటాయంటున్నాడు. మీ అబ్బాయి పేరు ఈ ఊళ్ళో నిలబడిపోతుందంటున్నాడు," అని అరబ్బీలో చెప్పాను.

ఆవిడ మళ్ళీ ఏడ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని లింబాద్రికి తల వంచింది. నీ తల్లి చల్లగా ఉండాలన్నది. లింబాద్రి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. జీపు దగ్గరికి వస్తూ, ఆమె ఒప్పుకున్నట్టే గద సారు అని నన్నడిగాడు. నేను తల ఊపాను. నోటితో మరో అబద్ధం చెప్పకుండా తప్పించుకున్నానని అప్పుడు అదొక తృప్తి.

మేము బయలుదేరేసరికి పంపు మళ్ళీ గరగరమంటోంది. లింబాద్రి మామా జవాది దగ్గరికి వెళ్ళి, తను మళ్ళీ వస్తానని వేళ్ళతో, చేతులతో చెప్పాడు. నేల మీద పుల్లతో రెండు గీతలు గీశాడు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. ఆవిడకు అర్థమైంది. ఆ పొడుగు గీత పక్కన నిలబడి చాలాసేపు చెయ్యి ఊపింది.

బహ్రెయిన్ వచ్చిన వారానికి లింబాద్రి ఒక కాగితం పట్టుకొచ్చాడు. కొత్త బోరుకు ఎన్ని పైపులు, ఎన్ని రాడ్లు, ఎన్ని వాషర్లు కావాలో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. ఎప్పుడు పోతామని అడిగాడు. ఫైలు నడుస్తోందన్నాను. డ్యూటీ అయ్యాక ప్రతి గురువారం సాయంత్రం ముహర్రక్ నుంచి బస్సు మారి వచ్చి అదే అడిగేవాడు. నేను అదే చెప్పేవాడిని. ఒక గురువారం పాత పానాలకు నూనె పెట్టుకున్నానన్నాడు. మరో గురువారం, అక్కడ వానలు మొదలైతే యంత్రం దిగబడుతుంది సారు, జల్దీ చెయ్యమనుండ్రి అన్నాడు. ఏసీలు తుడిచే మనిషి ఆ దేశపు వానల సంగతి ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. నేను మాత్రం ఒక్కసారి కూడా డైరెక్టరు గది తలుపు తట్టలేదు. తడితే, ఆవిడకు ఏం చెప్పావని అడిగేవాడా? అడిగేవాడు కాదు. ఆయన పక్కనే ఉండి విన్నాడు. మేమిద్దరం ఆ మాట ఎత్తకుండా రోజూ గుడ్‌మార్నింగ్ చెప్పుకుంటున్నాం.

ఆ మధ్య రంజాను వచ్చింది. మా సంస్థ కూలీల గదుల్లో బియ్యం, నూనె, ఖర్జూరాల పొట్లాలు పంచింది. ఫోటోలు తీయడానికి నేనే వెళ్ళాను. ముహర్రక్ వరసలో లింబాద్రి నిలబడి ఉన్నాడు. పొట్లం అందుకుంటూ నన్ను చూసి నవ్వాడు. సంవత్సరం రిపోర్టులో అతను రెండుసార్లు పడ్డాడు. ఏడో పేజీలో మా సాయం అందుకున్న పేద కార్మికుడు, పన్నెండో పేజీలో మేము ఆఫ్రికాకు పంపిన నీటి నిపుణుడు. ఒకే మనిషి అని ఏ దాతా కనిపెట్టలేదు. ఆ రెండు పేజీలూ రాసింది నేనే, రెండిట్లోనూ ఒక్క అక్షరం తప్పు లేదు.

మూడు నెలల క్రితం ఒక గురువారం లింబాద్రి నా ఎదురుగా కూర్చుని ఉండగానే టాంజానియా నుంచి సమన్వయకర్త సందేశం వచ్చింది. కింద ఇంగ్లీషులో రాసి ఉంది, పైన గొంతు రికార్డు చేసి ఉంది. ఏదో మామూలు సంగతేననుకుని వేలితో నొక్కాను. మామా జవాది గొంతు ఆఫీసంతా వినపడింది. లింబాద్రి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆమెనే సారు, ఆమెనే అన్నాడు. మొహం వెలిగిపోయింది. ఏమంటున్నదో చెప్పమన్నాడు.

కింద ఇంగ్లీషు చదివాను. ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. క్షేమమా అని అడుగుతోందంటే సరిపోయేది. కానీ అతను నా నోటి వంక చూస్తున్నాడు. చదివింది చదివినట్టు తెలుగులో చెప్పాను.

"ఫుండికి చెప్పండి. ఆ రోజు పంపులోంచి వచ్చినవి మా ఏటి నీళ్ళేనని మాకు మొదటి గుక్కలోనే తెలిసింది. మేము రోజూ తాగే నీళ్ళ రుచి మాకు తెలియదా? ఆ ముసలమ్మ కొడుకు కోసం ఏడుస్తోంది. ఏడ్చే తల్లితో ఆ మాట మేమెలా అంటాం? ఫుండి అంటాడనుకున్నాం. అతనూ మాలాగే కష్టం చేసుకునేవాడు కదా, దాచడనుకున్నాం. అతను చాలాసేపు మాట్లాడాడు, ముసలమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని అతనికి తల వంచింది. పొడుగు గీత గీసి వెళ్ళాడు, బోరు రాలేదు, మమ్మల్ని అమ్మేశాడని ఇప్పుడు అర్థమైంది. అతన్ని ఇంక రావద్దని చెప్పండి."

టేబులు మీద పైపుల కాగితం ఉంది, లింబాద్రి దాన్ని మెల్లగా తీసి మడత పెట్టాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. వస్తే బాగుండేది. నేను కూడా నాలుగు మాటలని, పోట్లాడి, అంతటితో తేలిక పడేవాడిని.

"నేను జెప్పిన గద సారు. మీ ముందటనే జెప్పిన."

"చెప్పావు."

"మరి ఆమెకు మీరేం జెప్పిండ్రు?"

చెప్పాను. ఆ అరబ్బీ మాటలు మాటకు మాట తెలుగులో పలికాను. అతను నేల వంక చూస్తూ విన్నాడు. ఎందుకిలా చేశారని అడగలేదు. బహుశా నాలాంటివాళ్ళు ఎందుకు చేస్తారో అతనికి ముందే తెలుసు. బోరు ఎట్లాగూ రాదని కూడా అప్పుడే అర్థమైపోయి ఉంటుంది.

"బోరు సంగతి మీ ఇష్టం. ఆమెకు ఒక్క ముక్క రాయుండ్రి సారు. లింబాద్రి జెప్పిండు అని రాయుండ్రి. గంతే," అన్నాడు.

రాస్తానన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను, నమ్మండి. పై గురువారం వచ్చి రాసిండ్రా అని అడిగాడు. రేపన్నాను. ఆ పై గురువారం కూడా రేపన్నాను. తర్వాత అతను రావడం మానేశాడు. ఏసీ చెడినప్పుడు ఇంకెవరో కుర్రాణ్ణి పంపుతున్నారు. మొన్న ముహర్రక్ బస్టాపులో ఎదురుపడ్డాడు. పలకరించాను. ఆగాడు, మర్యాదగా తల వంచాడు, బస్సు ఎక్కాడు. సారు అనలేదు.

రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. ఇంగ్లీషులో ఆరేడు మాటలు, అంతే. కానీ నేను పంపేది సమన్వయకర్తకు చేరుతుంది. అతను దాన్ని డైరెక్టరుకు పంపుతాడు, అది ఆఫీసు పద్ధతి. లింబాద్రి చెప్పాడంటే నేను చెప్పలేదని అర్థం. ఆ మాట బుసైతీన్ దాకా వెళ్తుంది. నాకు ఇంకో ఆరేళ్ళ సర్వీసుంది, పిల్లాడు ఇక్కడే ఎనిమిదో తరగతి. ఇవన్నీ సాకులేనని నాకూ తెలుసు. టైపు చేస్తాను, చెరిపేస్తాను, తర్వాత ఇంకేదో రిపోర్టు తెరుస్తాను.

ఎండిన బోరు దగ్గర లింబాద్రి నిజం చెప్పాడు. ఆ సంగతి మొత్తానికి ఇక్కడ రాశాను. తెలుగులో రాశాను, ఎందుకంటే మా ఆఫీసులో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కడికే.